ఏడాదికొకసారి పళ్లెంలో వేంచేసే వాగ్దాన కార్డు గారికి

మహా ఘనత వహించిన వాగ్దాన కార్డు గారికి,

హనుమకొండ, కాజీపేట, నర్సంపేట ప్రాంతాల సంఘస్థులు ప్రభువు నామమున వందనములు చెప్పి రాయునది.

డిసెంబర్ 31 రాత్రి పన్నెండు దాటగానే తమరు కొత్త యేడాదికి దేవుడిచ్చే వాగ్దానమంటూ ఒక బైబిలు వచనాన్ని ఒంటి మీద మోస్తూ కానుకల పళ్లెంలో బోర్లా పడుకొని బయల్దేరుతారు. అప్పటిదాకా మోకాళ్ల మీదున్న సంఘమంతా లేచి వరుస కడుతుంది. వాక్యమప్పుడు నిద్రపోయిన పిల్లలను కూడా లేపి, చెయ్యి పెట్టించి ఒకటి తీయిస్తారు. సంక్రాంతి దాకా ఎవరు ఎదురైనా ఒకటే ముచ్చట: "అక్కా, ఈ యేడు నీకేమొచ్చింది?" బైబిలు గురించి సంఘంలో ఇంత చర్చ మళ్లీ ఏడాది దాకా జరగదు. ఆ ఘనత తమదే, కాదనం.

తమరి రూపం సంగతి కూడా చెప్పుకోవాలి. విజిటింగ్ కార్డంత ఆర్ట్ పేపరు. సగం జాగా పాస్టరు అయ్యగారి, అమ్మగారి ఫొటోకు పోతుంది. అడుగున ఆరాధన వేళలు, ఫోన్ నంబరు. మిగిలిన సందులో దేవుని మాట. రెండు వందల మంది సంఘానికైనా పది పన్నెండు వచనాలకు మించి అచ్చు వేయించరు కనుక ఒకే ఇంట్లో ముగ్గురికి ఒకటే వాగ్దానం వస్తుంది. "దేవుడు మూడుసార్లు ధ్రువపరిచిండు" అని మరుసటి ఆదివారం సాక్ష్యం. ధ్రువపరిచింది ప్రెస్సువాళ్లని ఎవరు చెప్పాలి?

తమరి కుటుంబంలో పెద్దవారు ద్వితీయోపదేశకాండం 28:13. "తలగా నియమించునుగాని తోకగా నియమింపడు." ఆజ్ఞలు విని గైకొంటేనే అన్న షరతు ఆ వచనంలోనే ఉంది. తమరి మీదికి వచ్చేసరికి అక్కడ మూడు చుక్కలు పడతాయి. ఆ అధ్యాయం మొత్తం 68 వచనాలు: 14 దాకా దీవెనలు, 15 నుంచి చివరిదాకా మాట వినకపోతే ఏమవుతుందో చెప్పే శాపాలు. ఆ యాభై నాలుగింటిలో ఒక్కటి కూడా పళ్లెమెక్కినట్టు మేమెరగం.

రెండోవారు యిర్మీయా 29:11, "సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు." అది బబులోనుకు చెరపోయిన వాళ్లకు ప్రవక్త పంపిన ఉత్తరం. పై వచనంలోనే డెబ్బై ఏండ్లు ఆగాలని ఉంది. తమరి గడువేమో పన్నెండు నెలలు. ఇంకా పైన 5 నుంచి 7 దాకా చూస్తే ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, మిమ్మల్ని పట్టుకుపోయిన ఊరి క్షేమం కోసమే ప్రార్థించండి అని ఉంది. ఎనుమాముల మార్కెట్లో మిర్చి ధర పడిపోయిన నాడు రైతుకు అక్కరకొచ్చేవి ఆ మూడు వచనాలు. వాటికి తమరి మీద జాగా లేదు. ఫొటో ఉంది కదా.

మూడోవారు యోహాను 15:7. "మీకేది యిష్టమో అడుగుడి" అనేది భద్రంగా ఉంటుంది. దాని ముందున్న "నాయందు మీరును మీయందు నా మాటలును నిలిచియుండినయెడల" కత్తెరకు పోతుంది.

రక్షణ కృప వలననే, ఎఫెసీ 2:8, 9 మాకూ తెలుసు. దానికి ఖరీదు కట్టమని మేమనడం లేదు. ఆ వెంటనే వచ్చే పదో వచనంలో మనల్ని సత్క్రియల కోసం సృష్టించాడని ఉంది కదా, దాన్ని కూడా ఎక్కించమంటున్నాం.

తమరి వంశాన్ని తక్కువ చేయం. జర్మనీలోని హెర్న్‌హూట్‌లో మొరేవియన్ అనే క్రైస్తవ శాఖ విశ్వాసులు 1728 నుంచి రోజుకొక వచనం పట్టుకొని గడపగడపకు తిరిగారు. 1731 నుంచి అచ్చు వేస్తున్నారు. పాత నిబంధన వచనాన్ని చీటీ వేసే తీస్తారు. కానీ దానికి జోడుగా కొత్త నిబంధన వచనాన్ని ఆలోచించి ఎంచుతారు, అదీ ఏడాదిలో ప్రతి రోజుకూ. తమరి దగ్గరికి వచ్చేసరికి రోజు కాస్తా ఏడాదైంది, ఆలోచన పోయి లక్కీ డ్రా మిగిలింది.

అంత దూరం ఎందుకు, మన పక్కనే డోర్నకల్ ఉంది. అక్కడ 1912లో బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య గారు బాప్తిస్మం పొందిన వాళ్ల చేత సొంత తల మీద చెయ్యి పెట్టించి, "నేను బాప్తిస్మం పొందిన క్రైస్తవుణ్ణి, సువార్త ప్రకటింపకపోతే నాకు శ్రమ" అనిపించేవారు. అది 1 కొరింథీ 9:16. కొత్త విశ్వాసికి మొదటిరోజే చేతికిచ్చింది అంత బరువైన మాట. అజరయ్య గారు ప్రభువు దగ్గరికి వెళ్లింది 1945 జనవరి 1న, సరిగ్గా తమరి పండుగనాడే.

ఇంతకూ తమరి వెనుకవైపు ఖాళీగా ఉంటుంది. దానికి మా దగ్గర పని ఉంది: ఏడాదికి సరిపోయే చదువు, ప్రార్థన క్రమం అక్కడ వేయించండి.

కొత్త నిబంధనలో 260 అధ్యాయాలు. వారానికి ఐదు రోజులు, రోజుకొకటి చదివితే సరిగ్గా 52 వారాలు. మిగతా రెండు రోజులు తప్పిపోయినవి చదువుకోవడానికి. మొదలు మార్కు సువార్తతో పెట్టించండి, 16 అధ్యాయాలే. ఎందుకంటే జనవరి 1న ఉత్సాహంగా ఆదికాండం తెరిచి రోజుకు మూడు చదివేవాళ్లు నెలాఖరుకు ఎక్కడ కూలబడతారో లెక్క తెలిసిందే: ఆదికాండం 50, నిర్గమకాండం 40, జనవరి 30కి రెండూ పూర్తి, 31న లేవీయకాండం. నిర్గమకాండం 25లో గుడారం కొలతలు మొదలైనప్పుడే సగం మంది ఆవులిస్తారు, బలుల నియమాల దగ్గర మిగతా సగం. ఆ తర్వాత బైబిలు జిప్పు కవరులోకి పోయి ఆదివారమే బయటికి వస్తుంది. తప్పు లేవీయకాండానిది కాదు. ఆ బలులను క్రీస్తుతో ముడిపెట్టి చెప్పే హెబ్రీ పత్రిక చదివాక తెరిస్తే అదే పుస్తకం మాట్లాడుతుంది.

ప్రార్థనకు మత్తయి 6:9-13లోని పరలోక ప్రార్థన క్రమం చాలు. మొదటి మూడు మనవులు దేవుని నామం, రాజ్యం, చిత్తం గురించే. రొట్టె నాలుగోది. మన ప్రార్థన ఇంటి లోనుతో మొదలై పిల్లోని వీసాతో ముగుస్తుంది, మధ్యలో దేవుని ఊసుండదు.

ఇక రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభువు బల్లకు ముందు వారం మత్తయి 5:23, 24 వేయించండి. అర్పణ అక్కడే వదిలి ముందు సహోదరునితో సమాధానపడాలి. తమ్మునితో గెట్టు పంచాయితీ పెట్టుకొని, చిట్టీ పాడుకున్న పైసలు కట్టక, ప్రతి శుక్రవారం ఉపవాసముండే పెద్దమనుషులు మన సంఘాల్లో తక్కువేం లేరు. ఉపవాసం కంటే ఇది కష్టం. ఇందులో అవతలి మనిషి గడప తొక్కాలి.

చివరగా ఒక మనవి. ఈసారి పళ్లెంలో ఒక్కటంటే ఒక్క కార్డు మీద లూకా 9:23 అచ్చు వేయించండి, ప్రతిదినము సిలువనెత్తికొనే వచనం. అది ఎవరికొస్తే వాళ్లు కచ్చితంగా "అయ్యగారూ, ఇది మా పిల్లోనికి తీసిన, నాది ఇంకోటి తీస్త" అంటారు. పళ్లెం వెంటనే ముందుకు జరపాలని సంఘ పెద్దలకు ముందే చెప్పి ఉంచగలరు.

ఇట్లు,
సంఘస్థులు,
హనుమకొండ