ఎత్తును అరెస్టు చేయండి

కొండ గొరిల్లాలు జూల్లో ఎందుకు బతకవని అడిగితే చాలామంది నోట సిద్ధంగా ఉండే జవాబు: కింద వాటికి ఎత్తు సరిపోదు. ఇంత అనువైన ముద్దాయి మరొకరు దొరకరు. ఎత్తుకు లాయరు లేడు, అది ఎదురు మాట్లాడదు, దాని మీద కేసు రుజువైతే మనుషులెవరూ జైలుకు పోరు. ఈ కేసును బలపరచడం మన కర్తవ్యం.

నేరస్థలం జర్మనీలోని కొలోన్ జూ, సముద్ర మట్టానికి 50 మీటర్లు. 1969లో ఆఫ్రికాలోని విరుంగా కొండల మీద కోకో, పకర్ అనే రెండు గొరిల్లా పిల్లల్ని పట్టి అక్కడికి పంపారు. 1978లో నెల తేడాతో రెండూ చనిపోయాయి. అంటే పల్లపు గాలి విషం తలకెక్కడానికి తొమ్మిదేళ్లు పడుతుందన్నమాట. ఆ రెంటినీ పట్టేటప్పుడు 18 పెద్ద గొరిల్లాలను చంపారని, అడవిలో వాటి మధ్యే ఏళ్లపాటు పరిశోధన చేసిన డయాన్ ఫోసీ లెక్క. అవి తగిన ఎత్తులోనే పోయాయి గనుక మన కేసులోకి రావు.

ఇక సాక్షులు. కొంచెం ఇబ్బంది ఇక్కడే. 3,000 మీటర్ల దగ్గర గాలి పీడనం సముద్ర మట్టంలో ఉన్నదాంట్లో 70 శాతమే. దిగేకొద్దీ ఊపిరికి ఆక్సిజన్ పెరుగుతుంది. తిరుమల మెట్లు దిగేవాడికి మోకాళ్లు పట్టేస్తాయి గానీ ఆయాసం రాదు. ఉగాండాలోని బ్విండి అడవిలోని కొండ గొరిల్లాలైతే దాదాపు 1,500 మీటర్ల దాకా దిగి కాపురం ఉంటున్నాయి. 2007లో రెండు నెలల పసికందుగా దొరికిన ఎన్‌డకాసి అనే కొండ గొరిల్లా, కాంగోలో దాదాపు 1,500 మీటర్ల ఎత్తున్న గోమా పట్టణంలో పెరిగి, తర్వాత రుమంగాబోలోని అనాథ గొరిల్లాల కేంద్రంలో 2021 వరకు బతికింది. వీళ్లంతా అడ్డం తిరిగిన సాక్షులని నమోదు చేయాలి.

కడుపు ఇచ్చే వాంగ్మూలాన్ని అసలు వినకూడదు. విని తీరాలంటే అది ఇలా ఉంటుంది. కొండ గొరిల్లా తినేది గాలియం తీగ, ముళ్ల తిస్టిల్, అడవి సెలరీ, తాకితే మండే నెటిల్ ఆకు, సీజన్లో వెదురు పిలకలు. ఆ ఎత్తులో పండ్లు అరుదు. పెద్ద మగది రోజుకు 30 కిలోల దాకా నములుతుంది. ఆ పీచును పెద్దపేగులోని సూక్ష్మజీవులు నిదానంగా పులియబెడితేనే దానికి శక్తి. అదే పేగులోకి పిండి బిస్కెట్లు, తియ్యటి అరటిపండ్లు పోస్తే చప్పున పులిసి ఆమ్లం పెరుగుతుంది, పీచు తినే సూక్ష్మజీవులు తగ్గుతాయి, విరేచనాలు పట్టుకుంటాయి, ఒళ్లు మాత్రం పెరుగుతుంది. భోజనం కాసేపట్లో ముగుస్తుంది గనుక మిగతా పగలంతా పని లేక కక్కి, కక్కినదే తింటుంది. అమెరికాలోని క్లీవ్‌లాండ్ జూ బిస్కెట్లు మానేసి ఎండివ్, డాండెలియన్, అల్ఫాల్ఫా వంటి ఆకులు, పచ్చి చిక్కుళ్లు పెట్టింది. రెండు మగ గొరిల్లాలు ఒక్కోటీ సుమారు 30 కిలోలు తగ్గాయి, కక్కడం ఆగింది. ఇబ్బందల్లా అవి పల్లపు జాతివి కావడమే. తాతముత్తాతల నుంచీ పల్లంలో ఉన్న ఆ జాతి మగవాటిని జూల్లో అన్నిటికంటే ఎక్కువగా చంపుతున్నది గుండె జబ్బు. మరి దానికి ఏ ఎత్తును బోనెక్కించాలి?

అమెరికాలోని శాన్ డియాగో జూలో 1942లో చనిపోయిన ఎంబోంగో అనే గొరిల్లాను చాలాకాలం కొండ గొరిల్లా అనే అనుకున్నారు. చంపింది ఆ ప్రాంతపు మట్టిలోని శిలీంధ్రం, ఊపిరితిత్తుల్లో చేరి. తర్వాత చూస్తే అది తూర్పు పల్లపు జాతి. రువాండాలో 2009లో మనుషుల జలుబు వైరస్ సోకి రెండు గొరిల్లాలు పోయాయి, అదీ కొండమీదే. అందుకే అక్కడ పర్యాటకుడు మాస్కు కట్టుకుని 10 మీటర్ల దూరంలో నిలబడాలి. ఊచల ముందు వేరుశనక్కాయలు విసిరే జనానికి ఆ దూరం అడ్డు.

అయినా వెనక్కి తగ్గొద్దు. మా ప్రతిపాదన: 70 శాతం పీడనంతో గాలి చొరని హాలు, రెండు తలుపుల ఎయిర్‌లాక్, కాపలాదారులకు ఎత్తు అలవాటు చేసే శిక్షణ. పిల్లాపాపలతో కలిపి పదింటి కుటుంబానికి రోజుకు ఒకటిన్నర క్వింటాళ్ల పచ్చి ఆకు కావాలి. అది వాడిపోకూడదు, ఎందుకంటే వాటికి నీరు చాలావరకు ఆకుల్లోంచే అందాలి. నెటిల్ తోట వేయాలా, కోసేదెవరు, మంట పుడితే మందు ఎవరి ఖాతాలో అన్నవి టెండరులో లేవు. హాలు కాంట్రాక్టు మాత్రం ఖరారైంది.