మొహమాటం గారికి, హనుమకొండ నుంచి

అయ్యా,

మిమ్మల్ని ‘నువ్వు’ అందామనుకున్నాను. నోరు రాలేదు. అదీ మీ చలవే. మీ మీద పెద్దలు చెప్పిన సామెత ఒకటుంది, నలుగురూ చదివే చోట రాయలేను.

ఎండాకాలం అయిపోయిందని పాత కూలర్‌ను మూడు వేలకు అమ్మకానికి పెట్టాను. పది నిమిషాల్లో ఫోన్. తాను జవాన్‌నని, వరంగల్‌కు బదిలీ అయిందని, ఐడీ కార్డు ఫొటో కూడా పంపాడు. బేరమే ఆడలేదు. కొత్తిమీర కట్టకు బేరమాడే నాకు అక్కడే అనుమానం రావాలి. దేశానికి కాపలా కాసేవాణ్ని శంకిస్తావా అని మీరే నోరు మూయించారు.

‘కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి సర్‌జీ, డబ్బు పడుతుంది’ అన్నాడు. యూపీఐలో డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, పోవడానికే కావాలి. ఇంట్లో అందరికీ ఈ పాఠం చెప్పింది నేనే. కానీ లైన్లో మనిషిని నిలబెట్టి ఆలోచిస్తూ కూర్చుంటే ఏం బాగుంటుంది? కొట్టాను. మూడు వేలు పోయాయి. ‘అయ్యో పొరపాటైంది, ఆరు వేలకు కోడ్ పంపుతా, మొత్తం తిరిగొస్తుంది’ అని తెగ బాధపడ్డాడు. పాపం అనిపించి అదీ కొట్టాను. తొమ్మిది వేలు పోయాయి, కూలర్ ఇంట్లోనే ఉంది.

నా ఫోన్‌కు వేలిముద్ర, ముఖం, ఆరంకెల పిన్, అన్నీ ఉన్నాయి. వాడు వాటి జోలికే పోలేదు. నేరుగా మీ దగ్గరికొచ్చాడు. దీన్నే సోషల్ ఇంజినీరింగ్ అంటారట.

మా బాపుకూ ఓసారి వీడియో కాల్ వచ్చింది. సీబీఐ అట, డిజిటల్ అరెస్టట, ఎవరికీ చెప్పొద్దట. అలాంటి అరెస్టు మన చట్టంలోనే లేదు. బాపుకు ఆ సంగతి తెలియదు. కానీ ఎనుమాముల మార్కెట్లో నలభై ఏళ్లు మిర్చి అమ్మిన మనిషి, తొందరపెట్టే బేరగాణ్ని నమ్మడు. ‘నువ్వెవరివైతే నాకేంది, ఠాణాకు రా, ఆడ మాట్లాడుకుందాం’ అని పెట్టేశాడు. ఆయన గడప మీరెందుకు తొక్కరో! చదువుకున్నోళ్లంటేనే మీకు మక్కువ లాగుంది.

వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తే అవతలి ఖాతాలో డబ్బు ఆపే వీలుంటుందనీ నాకు తెలుసు. కూలర్ దగ్గర మోసపోయానని ఎట్లా చెప్పుకుంటావని రెండు రోజులు ఆపారు. మూడో రోజు చేశాను. అప్పటికి అక్కడేముంది?

నిన్న ఆ జవాన్ మళ్లీ మెసేజ్ పెట్టాడు, ‘కూలర్ ఉందా సర్‌జీ?’ అని.

ఉందని చెప్పాను. అడిగిన మనిషికి జవాబివ్వకపోతే ఏమనుకుంటాడు?

ఇట్లు,
మీ విధేయుడు