కొలిచినంత వివరంగానూ పంచాలి

ప్రజాధనంతో అంతరిక్షం నుంచి సేకరించిన భూమి కొలతలు, సేకరించినంత సూక్ష్మంగానూ, ఆలస్యం లేకుండానూ ప్రపంచంలోని అందరికీ అందాలని నేను గట్టిగా నమ్ముతాను. 2000 ఫిబ్రవరి 11న ఫ్లోరిడా నుంచి బయలుదేరిన ఎండీవర్ అంతరిక్ష షటిల్ కథ ఈ నమ్మకానికి బలమైన ఆధారం. కెవిన్ క్రెగెల్ నాయకత్వంలో, జపాన్‌కు చెందిన మమోరు మోహ్రీ, జర్మనీకి చెందిన గెర్హార్డ్ థీలేతో సహా ఆరుగురు వ్యోమగాములు పదకొండు రోజులపాటు సాగించిన ఆ యాత్ర ప్రధాన లక్ష్యం, భూమి మీద నేల ఎక్కడ ఎంత ఎత్తున ఉందో కొలవడం.

షటిల్ సరుకు గదిలో ఒక రాడార్ యాంటెన్నా, అక్కడి నుంచి బయటకు చాచిన 60 మీటర్ల స్తంభం కొసన మరొక యాంటెన్నా ఉండేవి. నేలను తాకి తిరిగి వచ్చిన ఒకే తరంగాన్ని రెండూ అందుకునేవి. ఆ తరంగం రెండింటికీ చేరడానికి ప్రయాణించిన దూరాలలోని స్వల్పమైన తేడాను బట్టి ఆ చోటు ఎత్తును లెక్కకట్టేవారు. మబ్బులు, చీకటి ఈ కొలతకు అడ్డు కావు. వ్యోమగాములు రెండు జట్లుగా విడిపోయి, రాత్రింబగళ్లు వంతులవారీగా పనిచేశారు. స్తంభం కొసన ఉన్న నైట్రోజన్ థ్రస్టర్ (వాయువును చిమ్ముతూ నెట్టే చిన్న యంత్రం) సరిగా పనిచేయక, షటిల్‌ను సరైన భంగిమలో నిలపడానికి ఇంధనం అనుకున్నదానికంటే ఎక్కువగా ఖర్చయింది. అయినా వ్యోమగాములు, నేల మీది ఇంజనీర్లు కలిసి ఇంధనాన్ని పొదుపు చేసి, తలపెట్టిన సర్వేను దాదాపు సంపూర్ణంగా ముగించారు. ఉత్తరాన 60 డిగ్రీల నుంచి దక్షిణాన 56 డిగ్రీల అక్షాంశం వరకు, అంటే భూభాగంలో దాదాపు 80 శాతం, ఒకే పద్ధతిలో ఒకే విడతలో కొలతకు వచ్చింది. మానవుడు అంతరిక్షంలో చేసిన పనులలో దీనిని చాలా పై వరుసలో నిలుపుతాను.

నా అభ్యంతరం ఆ తరువాత జరిగినదాని మీద. ఈ యాత్రలో నాసాతో పాటు అమెరికా రక్షణ శాఖ మ్యాపింగ్ సంస్థ కూడా భాగస్వామి. అమెరికా భూభాగానికి సుమారు 30 మీటర్లకు ఒక బిందువు చొప్పున ఎత్తులు బహిరంగంగా లభించగా, మిగిలిన ప్రపంచానికి 90 మీటర్లకు ఒకటి చొప్పున మాత్రమే ఇచ్చారు. 30 మీటర్ల వివరాలను ప్రపంచమంతటికీ విడుదల చేస్తామని అమెరికా ప్రభుత్వం ప్రకటించింది 2014 సెప్టెంబరులో. ఒకే రాడార్ ఒకే యాత్రలో కొలిచిన నేలకు, దేశాన్ని బట్టి రెండు రకాల స్పష్టత ఇన్నేళ్లు కొనసాగడం అన్యాయం. వరద నీరు ఎటు పారుతుందో లెక్కకట్టే ఇంజనీరుకు, 90 మీటర్ల గడిలో కాలువ గట్టు, రోడ్డు కట్ట కనిపించకుండా పోతాయి.

పూర్తి వివరాలు అందినా అవే చాలవని కూడా ఒప్పుకోవాలి. ఆ రాడార్ తరంగాలు దట్టమైన ఆకుల కిందికి పూర్తిగా దిగలేవు కనుక, కోనసీమ వంటి చోట కొబ్బరితోటల తలలు కూడా నేల ఎత్తులో కలిసిపోయే ప్రమాదం ఉంది. తీరంలో ఒక్క మీటరు తేడా ఒక ఊరు మునగడమా మిగలడమా అన్నదాన్ని నిర్ణయించగలదు. పైగా ఆ పొరపాటు నేలను ఉన్నదానికంటే ఎత్తుగా, క్షేమంగా చూపే వైపే ఉంటుంది.

ఇప్పుడు బాధ్యత మన దేశానిది కూడా. 2025 జూలై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన నాసా-ఇస్రో ఉమ్మడి రాడార్ ఉపగ్రహం నైసార్ నేల కదలికలను సెంటీమీటర్ల స్థాయిలో గమనించగలదు. దాని సమాచారాన్ని అందరికీ ఉచితంగా ఇవ్వాలని నాసా, ఇస్రో ముందే నిర్ణయించడం సంతోషకరం. ఎత్తుల విషయంలో మాత్రం ఆ ఉదారత ఇంకా పూర్తిగా రాలేదు. హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం మన కార్టోశాట్-1 ఉపగ్రహం చిత్రాలతో తయారుచేసిన ఎత్తుల పటం ఇస్రో వారి భువన్ పోర్టల్‌లో 30 మీటర్ల స్థాయిలో ఉచితంగా దొరుకుతుంది. 2022 నాటి జాతీయ భౌగోళిక విధానం, 2030 నాటికి మైదానాలలో 25 సెంటీమీటర్ల ఖచ్చితత్వంతో దేశమంతటి ఎత్తుల నమూనాను లక్ష్యంగా పెట్టుకుంది. గోదావరి, కృష్ణా డెల్టాల వరకైనా ఆ నమూనాను సిద్ధమైన వెంటనే పంచాయతీలకు, కళాశాలలకు, పరిశోధకులకు రుసుము లేకుండా, కుదించకుండా ఇవ్వాలని మన పౌర సంఘాలు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ, కేంద్రానికీ ఇప్పుడే లిఖితపూర్వకంగా విన్నవించాలి.