కడుపు గుమ్మం దగ్గర కూర్చున్న వాచ్‌మన్ గారికి

బరువు తగ్గడానికి ఆపరేషన్ చేసి నా కడుపు పైభాగం చుట్టూ బిగించిన మహారాజశ్రీ గ్యాస్ట్రిక్ బ్యాండ్ గారి సముఖానికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను. కానీ మనిద్దరిలో కులాసాగా ఉన్నది తమరొక్కరే కాబట్టి ఆ మాట దాటేస్తున్నాను.

ఈ రోజు మధ్యాహ్నం తమరి కోసమే ఆఫీసుకు సెలవు పెట్టాను. రెండున్నర గంటలు ఆస్పత్రి కుర్చీలో కూర్చున్నాను. అడగాలనుకున్నది ఒక్కటే ముక్క: "కాస్త బిగించండి." ఈలోపు బరువు మిషన్ ఎక్కించారు. తమరు వచ్చాక మొదటి రెండేళ్లలో పోయిన 31 కిలోల్లో 14 తిరిగొచ్చాయట. మిషన్ ఆ అంకెను ఎర్రగా, పెద్దగా చూపించింది, వరసలో నా వెనక ఉన్నవాళ్లకు కూడా కనిపించేలా.

తర్వాత పోర్టు కోసం వెతుకులాట, అంటే సెలైన్ ఎక్కించి తమరిని బిగించడానికి, తీసి వదులు చేయడానికి సూది గుచ్చే చోటు. చర్మం కింద కండకు కుట్టిన ఆ గుండీ ఈసారి కాస్త పక్కకు ఒరిగి పడుకుంది. మూడోసారికి సూది దిగింది. హమ్మయ్య, ఇంకో మిల్లీలీటరు సెలైన్ ఎక్కిస్తారు, రేపటి నుంచి ఆకలి చచ్చి ఊరుకుంటుంది అనుకుంటూ కళ్లు మూసుకున్నాను. తెరిచి చూస్తే సిరంజి నిండుతోంది. ఎక్కించడం లేదు, తీస్తున్నారు!

"బిగుతు ఎక్కువైంది. అందుకే బరువు పెరుగుతున్నారు," అన్నాడు డాక్టరు.

ఇంట్లో దొంగలు పడుతున్నారని ఫిర్యాదుకు వెళ్తే, "తలుపుకి గడియ ఎక్కువైంది" అని ఊడదీసి పంపించినట్టుంది. దారి పొడుగునా తిట్టుకుంటూ ఇంటికొచ్చాను. డాక్టర్ని కాదు. ఆయన చెప్పింది అక్షరాలా నిజమని నాకు తెలుసు. అసలు మంట అక్కడే.

పోయిన వారం ఆఫీసు లంచ్ తమరికి గుర్తుండే ఉంటుంది. చికెన్ ముక్క, నా బొటనవేలి గోరంత. డైటీషియన్ చెప్పినట్టే ముందు ప్రోటీన్ అని దాన్నే ఎంచుకున్నాను. నీళ్ల గ్లాసు దూరంగా జరిపాను. నమిలాను కూడా, ఇరవై సార్లు కాకపోయినా పదిహేను సార్లు. తమరు దాన్ని గుమ్మం దగ్గరే ఆపేశారు. ఎదుర్రొమ్ము కింద ఎవరో పిడికిలి పెట్టి నొక్కుతున్నట్టు. నోట్లో ఆగకుండా లాలాజలం. పక్కన కూర్చున్నాయన ప్రాజెక్టు గురించి ఏదో అడుగుతున్నాడు, నేను తల ఊపుతున్నాను, నోరు తెరిస్తే ఏమవుతుందో నాకే తెలుసు. బాత్రూమ్‌కి పరిగెత్తి పావుగంట వాష్‌బేసిన్‌కి అతుక్కుపోయాను. తిరిగొచ్చేసరికి నా ప్లేటు తీసేశారు.

అదే రోజు రాత్రి పదిన్నరకి అర డబ్బా ఐస్‌క్రీమ్. తమరేమన్నారు? ఏమీ అనలేదు! లేచి నిలబడి, సలాం కొట్టి, గేటు బార్లా తీశారు.

నాకు అర్థం కాక అడుగుతున్నాను, ఏమిటండీ ఈ వాచ్‌మన్ పని? చికెన్‌ని ఆపుతారు. బ్రెడ్డుని ఆపుతారు. ముద్దకట్టిన అన్నాన్ని ఆపుతారు. పీచున్న కూరగాయ కనిపిస్తే గుర్తింపు కార్డు అడుగుతారు. అదే చాక్లెట్ వస్తే? నాలుక మీదే కరిగి జారిపోతుంది, రైట్ రైట్. మిల్క్‌షేక్? దయచేయండి. చిప్స్ పొడిపొడిగా నలిగి వస్తే పాకెట్ మొత్తం లోపలికి. వాళ్లంతా తమరి చుట్టాలా? కడుపు నింపేవాడికేమో కర్ర అడ్డం పెట్టి, కొంప ముంచేవాడికి కుర్చీ వేస్తారా? తమరు ఎంత బిగుతుగా కూర్చుంటే నేను అంత మెత్తటి తిండివైపు జరుగుతాను, ఎంత మెత్తగా తింటే అన్ని కేలరీలు. పైగా అవి గంటలో దిగిపోతాయి, మళ్లీ ఆకలి. కంచే చేను మేయడమంటే ఇదే కదా?

ఇంక మీరు, తమరు నా వల్ల కాదు. నువ్వే.

నిన్ను చేర్చుకునేటప్పుడు ఏం చెప్పారో గుర్తుందా? "ఇక ఆకలే తెలియదండీ" అన్నారు. 14 కిలోలు వెనక్కొచ్చాక ఇప్పుడేమంటున్నారు? "అది పరికరం మాత్రమేనండీ, వాడుకోవడం మీ చేతిలో ఉంటుంది." తగ్గిన కిలోలు నీ ఖాతాలో, పెరిగినవి నా ఖాతాలో. భలే పంపకం.

కడుపుని చిన్నది చేయడమే నీ పని అని నేను చాలాకాలం అనుకున్నాను. పైన చిన్న గది, అందులో నాలుగు చెంచాలు పడితే నిండినట్టు. కానీ గదిని నింపి పెట్టడం కాదట నీ అసలు పని. ముద్ద నిన్ను దాటేటప్పుడు ఆ ఒత్తిడికి అక్కడి నరాలు మెదడుకు "చాలు" అని కబురు పంపాలి. తిన్నాక కొన్ని గంటలు ఆకలి ఊసెత్తకుండా ఉండాలి. బాగుంది. మరి ఆ "చాలు" ఎలా చెబుతావు? ఒక ఎక్కిలి. ఒక నిట్టూర్పు. ముక్కు కారడం. ఒక్కొక్కరికి ఒక్కో రకం. ఇంత పెద్ద ఉద్యోగానికి ఇంత చిన్న గొంతు ఉన్నవాణ్ణి ఎవరు పెట్టారయ్యా? నాకు భోజనం మధ్యలో ముక్కు కారేది. ఏడాదిపాటు దాన్ని ఎలర్జీ అనుకుని మాత్రలు మింగాను. ఆ మాత్రల్ని కూడా నువ్వు అడ్డుకుంటే పొడి చేసుకుని మింగాను! నువ్వు "చాలు, చాలు" అంటుంటే నేను ముక్కు తుడుచుకుని ఇంకో మూడు ముద్దలు పెట్టాను. ఆ మూడు ముద్దలకే వాష్‌బేసిన్.

పొద్దున్నే మంచినీళ్లు కూడా దిగనివ్వవు, సాయంత్రానికి ఇంట్లో ఎవరూ లేనట్టు తలుపులు తీసి ఉంటాయి. రాత్రి పడుకుంటే పుల్లటి నీళ్లు గొంతులోకి వచ్చి దగ్గు. వాటి సంగతి ఇంకోసారి.

ఆకలి మాటకొస్తే, దాన్ని పుట్టించే గ్రెలిన్ అని ఒక హార్మోను ఉంది, నీకు తెలియకుండా ఉండదు. 1999లో జపాన్ శాస్త్రవేత్తలు కనిపెట్టారు. ఎక్కువగా తయారయ్యేది కడుపు పై భాగంలోనే. బరువు తగ్గించే ఇంకో రకం ఆపరేషన్ ఉంది, స్లీవ్ అని, అందులో ఆ భాగాన్ని చాలావరకు కోసి తీసేస్తారు. నువ్వేమో మర్యాదస్తుడివి, ఏదీ కొయ్యవు. గుమ్మం దగ్గర నువ్వు కునుకు తీస్తుంటే లోపల వాడు హాయిగా గంట కొడుతుంటాడు. పైగా తిండి తగ్గించి బరువు తగ్గితే వాడు ఇంకా గట్టిగా కొడతాడు. శరీరమేమో కరువొచ్చిందనుకుని ఖర్చు తగ్గించుకుంటుంది. అంటే తక్కువ ఖర్చు, ఎక్కువ ఆకలి. ఇంతమందితో కొట్లాటకి నన్ను పంపి, తోడుగా నిన్నిచ్చారు. ఒక సిలికాన్ ఉంగరం.

ఇక నాలుగు గంటల ఆకలి. మధ్యాహ్నం పై అధికారి దగ్గర్నుంచి ఒక ఈమెయిల్ వస్తుంది, నాలుగు లైన్లు. చదవడం పూర్తి కాకముందే నా చెయ్యి సొరుగులోని బిస్కెట్ల దగ్గర ఉంటుంది. దీనికి నువ్వేం చేయగలవు? అది నీ గేటు దాకా వచ్చే ఆకలి కాదు, పుట్టేది తలలో. ఈ రెండు ఆకళ్లకీ తేడా ఎలా కనుక్కోవాలో డైటీషియన్ రెండు పేజీల కాగితం ఇచ్చింది: మెల్లగా వచ్చిందా, ఒక్కసారిగా వచ్చిందా, కడుపులో తెలుస్తోందా, నోట్లోనా, ఇలా పది ప్రశ్నలు. ఆకలి రుచెరుగదు అని మన పెద్దలు రెండు ముక్కల్లో తేల్చేశారు. పేరు పెట్టి "చాక్లెట్ బిస్కెట్టే కావాలి" అని అడిగేది ఆకలి కాదన్నమాట. ఉడకబెట్టిన గుడ్డు ఇస్తే తింటావా అని నన్ను నేను అడుగుతాను. తింటానంటే ఆకలి. వద్దంటే ఈమెయిల్.

ఈ పరీక్ష వారంలో నాలుగు రోజులు పనిచేస్తుంది. మిగతా మూడు రోజులు గుడ్డూ తింటాను, బిస్కెట్లూ తింటాను.

నీ సంగతి కూడా చదివాను. 2001లో అమెరికాలో నీకు అనుమతి వచ్చింది. 2011 నాటికి అక్కడ బరువు తగ్గించే ఆపరేషన్లలో దాదాపు మూడో వంతు నీవే. మరో ఎనిమిదేళ్లకి నూటికి ఒకటి కూడా లేవు. నీ తోటివాళ్లు చాలామంది జారిపోయారనో, కడుపు గోడలోకి దిగారనో, బరువు తగ్గించలేదనో ఉద్యోగం ఊడి బయటికొచ్చారు. డాక్టరు ఈ రోజు నాతో కూడా ఆ మాట కదిపాడు. నిన్ను తీసేసి స్లీవో, కడుపుకి చేసే బైపాసో ఆలోచించండి అని ఒక కాగితం చేతిలో పెట్టాడు. అది సంచీలోనే ఉంది. చదవలేదు.

నీ మీద ప్రేమ అనుకునేవు! అదేం కాదు. కానీ పోయిన 31లో 17 ఇంకా తిరిగి రాలేదు, ఆ లెక్క కూడా నాకు తెలుసు. బూట్ల లేసులు ఎవరినీ పిలవకుండా నేనే కట్టుకుంటున్నాను. బీపీ మాత్రలు రెండు కాస్తా ఒకటైంది. మొదటి ఏడాది ఒక సాయంత్రం ఏడైనా తిండి గుర్తు రాలేదు, నాకు ఊహ తెలిశాక అలాంటి సాయంత్రం అదే మొదటిది. టీవీ చూస్తూ, "ఇదా మామూలు మనుషులు బతికే తీరు?" అనుకున్నాను. ఆ సాయంత్రం కోసమే ఇంకా సూదులు గుచ్చించుకుంటున్నాను, నీ మొహం చూసి కాదు.

బిగించినప్పుడైతే ఒకటి రెండు రోజులు ద్రవాలతోనే గడపాలి. సెలైన్ తీసినప్పుడు ఆ బాధ లేదు కాబట్టి ఈ రాత్రి మళ్లీ చికెన్ పెట్టుకున్నాను. అదే గోరంత ముక్క. ఈసారి నిజంగానే ఇరవై లెక్కపెట్టాను. చెంచా కింద పెట్టి నిమిషం ఆగాను. దిగింది. ఏ పిడికిలీ లేదు, పరుగూ లేదు. ఎన్ని నెలలైందో! ఇంకోటి. ఇంకోటి. తొమ్మిదో ముక్క దగ్గర ముక్కు చెమ్మగిల్లింది.

ఎలర్జీ కాదని ఇప్పుడు నాకు తెలుసు. చెంచా కింద పెట్టాను. ప్లేటులో ఇంకా మూడు ముక్కలున్నాయి, వాటిని చాలాసేపు చూశాను, మూత పెట్టేశాను. విన్నాను చూశావా? ఆ మాత్రం గొంతు పెంచు, ఇంకా వింటాను.

ఇప్పుడు టైము పదీ ఇరవై. ఫ్రిజ్‌లో ఆ మిగిలిన అర డబ్బా అలాగే ఉంది. అది చప్పుడు చేయకుండా దిగిపోతుందని నీకూ తెలుసు, నాకూ తెలుసు. అందుకే ఈ ఉత్తరం ఇంత పొడుగైంది.

ఇట్లు,
నువ్వు అద్దె కట్టకుండా ఉంటున్న ఇంటి ఓనరు