ఉత్ప్రేరకం మళ్లీ పనికొస్తుందా? దిగుబడి కాదు, వేగం చూడాలి

మందులు, రంగులు, నైలాన్, పురుగుమందులు... వీటి తయారీలో ఎక్కడో ఒకచోట అమైన్ (అమ్మోనియా నుంచి పుట్టే నైట్రోజన్ సమ్మేళనం) తగులుతుంది. ఆల్డిహైడ్‌కో కీటోన్‌కో అమ్మోనియా కలిపి, లోహ ఉత్ప్రేరకం వేసి హైడ్రోజన్ ఒత్తిడి పెడితే అమైన్ వస్తుంది. మిగిలేది నీరే. రానీ నికెల్ అనే సచ్ఛిద్ర నికెల్ పొడి చాలాకాలంగా ఈ పని చేస్తోంది, కానీ తడి ఆరితే గాలి తగలగానే అంటుకుంటుంది. జర్మనీలోని రోస్టాక్‌లో జగదీశ్, బెల్లర్ బృందం 2017లో ప్రకటించిన కోబాల్ట్ ఉత్ప్రేరకం ఈ రంగానికి కొత్త ఊపునిచ్చింది. కోబాల్ట్ లవణం, డాబ్‌కో (నైట్రోజన్ ఉన్న ఒక సేంద్రియ క్షారం), టెరెఫ్తాలిక్ ఆమ్లాలతో ఏర్పడ్డ చట్రాన్ని కార్బన్‌పై నిలిపి, ఆర్గాన్‌లో 800 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాలిస్తే, గ్రాఫైట్ పొరలు చుట్టుకున్న కోబాల్ట్ రేణువులు మిగులుతాయి.

ఇలాంటి ఉత్ప్రేరకాల మీద వచ్చే పరిశోధన పత్రాల్లో ఒక బొమ్మ తరచూ కనిపిస్తుంది. ఐదారు కడ్డీల గ్రాఫ్: అదే ఉత్ప్రేరకాన్ని మళ్లీ మళ్లీ వాడిన ఒక్కో విడతకు ఒక్కో కడ్డీ, దాని ఎత్తు ఆ విడత దిగుబడి. అన్నీ 95 శాతం పైనే. ఉత్ప్రేరకం చెక్కుచెదరలేదనడానికి ఆ బొమ్మ చాలదు.

లెక్క చూడండి. ఫస్ట్ ఆర్డర్ చర్యలో (మిగిలిన ముడిపదార్థాన్ని బట్టి వేగం మారేది) వేగ స్థిరాంకం, సమయం గుణిస్తే 6 వచ్చిందనుకుందాం. దిగుబడి 99.8 శాతం. ఉత్ప్రేరకం సగం చచ్చిపోయింది, ఆ విలువ 3కి దిగింది. దిగుబడి ఇంకా 95 శాతమే! మళ్లీ సగం పోయాక గానీ 78కి పడదు. జీరో ఆర్డర్ చర్య (ముడిపదార్థం ఎంతున్నా వేగం మారనిది) అయితే ఇంకా మోసం. 6 గంటల్లో అయిపోయేదాన్ని 24 గంటలు నడిపితే, ముప్పావు వంతు చురుకుదనం పోయినా గ్రాఫ్ నూరు శాతమే చూపిస్తుంది. అందుకే ప్రతి విడతనూ ముడిపదార్థం 30-40 శాతం మారిన దగ్గర ఆపి పోల్చాలి. తిరిగి దొరికిన ఉత్ప్రేరకాన్ని తూచి, ఆ బరువుకు తగ్గట్టే ముడిపదార్థం వేయాలి. వడపోతలో పోయినదానికి బదులు తాజా పొడి కలిపితే ఆ మాట రాయాలి.

అసలు చురుకుదనం ఎందుకు పోతుంది? అమైన్ల విషయంలో మొదటి అనుమానితురాలు అమ్మోనియానే. కోబాల్ట్, నికెల్, రాగి అయాన్లను పట్టుకుని కరిగే సంక్లిష్టాలుగా మారుస్తుంది. వడపోసేటప్పుడు గాలి తగిలి లోహపు పైపొర ఆక్సీకరణం చెందితే, తర్వాతి విడతలో కరిగిపోయేది ఆ పొరే. కాబట్టి వడపోత నైట్రోజన్ కిందే జరగాలి. చర్యలో పుట్టే నీరు ఇంకో తలనొప్పి. లోహాన్ని మోసే ఆధారం గామా అల్యూమినా అయితే, వేడి నీటిలో మెల్లగా బోమైట్ అనే మరో రూపంగా మారి రంధ్రాలు పూడిపోతాయి. బరువైన ఉపఉత్పన్నాలు ఉపరితలాన్ని కప్పేయడం వీటితో పోలిస్తే చిన్న జబ్బు. మెథనాల్‌తో కడిగి హైడ్రోజన్‌లో వేడిచేస్తే చాలావరకు తేరుకుంటుంది. కరిగిపోయిన లోహం మాత్రం తిరిగి రాదు.

కరిగిందో లేదో తేల్చడానికి వేడి మీదే వడపోయాలి. చల్లారితే ద్రవంలోని లోహం మళ్లీ ఆధారం మీదకే చేరి, పరీక్ష తప్పుడు భరోసా ఇస్తుంది. వడపోసిన ద్రవాన్ని మళ్లీ అదే ఒత్తిడిలో నడిపి, చర్య ముందుకు సాగుతుందేమో చూడాలి. ద్రవంలో లోహం ఎంతుందో ఐసీపీ అనే ప్లాస్మా పరికరంతో కొలవాలి. ఈ రెండింట్లో ఒక్కటే చేస్తే సరిపోదు.

బెంజాల్డిహైడ్‌తో పనిచేసేవారికి మరో ఆనవాలు ఉంది. బెంజైలమైన్ ఏర్పడగానే అది మిగిలిన ఆల్డిహైడ్‌తో కలిసి ఎన్-బెంజిలిడీన్‌బెంజైలమైన్ అవుతుంది. అమ్మోనియా, హైడ్రోజన్ తగినంత ఉంటే అదీ చివరికి బెంజైలమైన్‌గా మారుతుంది. అమ్మోనియా, ఒత్తిడి, ఉష్ణోగ్రత మార్చకుండానే, విడత తర్వాత విడత రెండో గంట నమూనాలో గ్యాస్ క్రొమటోగ్రాఫ్ (మిశ్రమంలోని పదార్థాలను విడదీసి చూపే పరికరం) మీద ఈ మధ్యంతర పదార్థపు శిఖరం ఎదుగుతూ ఉంటే, చివరి దిగుబడి ఎంత బాగున్నా ఉత్ప్రేరకం అలసిపోతున్నట్టే.