ఓరియంటలిజాన్ని తిట్టడానికి కూడా ఫ్రెంచి బొమ్మలే కావాలా?

ఇప్పుడే క్లాసు నుంచి బయటపడ్డాను. ఒళ్ళు మండిపోతోంది. ఇది రాసేస్తే గానీ ముద్ద దిగేలా లేదు.

సబ్జెక్టు పేరు ఆసియా కళా చరిత్ర. నేను చదివే ఈ అమెరికా కాలేజీలో ఇటలీ రినైజాన్స్‌కి ఒక సెమిస్టరు, బరోక్‌కి ఇంకోటి, పారిస్ ఇంప్రెషనిస్టులకి వేరేగా మరోటి. మొహెంజొదారో నుంచి జపాను చెక్క ముద్రల దాకా మొత్తం ఆసియాకి మాత్రం ఒకే ఒక్కటి. పోనీ ఆ ఒక్కటన్నా సక్రమంగా ఏడుస్తారా అంటే, అందులోంచి మళ్ళీ ఒక వారం ఓరియంటలిజానికి, అంటే తూర్పు దేశాల్ని పాశ్చాత్యులు వింతగా, వెనకబడ్డట్టుగా చూసే చూపుకి.

ఆ చూపుని ఎండగట్టిన ఎడ్వర్డ్ సయీద్ 1978 పుస్తకం ‘ఓరియంటలిజం’ గురించి మొదలెట్టారు. బాగానే ఉంది. ఆ అట్ట మీది బొమ్మ, ఫ్రెంచి చిత్రకారుడు జెరోమ్ గీసిన పాములవాడిది, తెర మీద వేశారు, ఇక దిగితే ఒట్టు. ఒంటి మీద నూలుపోగు లేని పిల్లాడు, వాడికి చుట్టుకున్న కొండచిలువ, నీలం పలకల గోడకి చేరగిలబడి గుడ్లప్పగించిన జనం. పలకలు ఇస్తాంబుల్ తోప్‌కాపి ప్యాలెస్‌వి, పాములాట ఈజిప్టుది, కలిపి వండింది ఫ్రెంచాయన. తర్వాత ఇంకో ఫ్రెంచి చిత్రకారుడు ఆంగ్ర్ వచ్చాడు. తూర్పు మొహం ఎన్నడూ చూడకుండా 1814లో అంతఃపుర స్త్రీ వీపు గీసిన మహానుభావుడు. ఆ వీపులో వెన్నుపూసలు ఎన్ని ఎక్కువ పడ్డాయా అని భారీ చర్చ!

అయ్యా, ఇది ఆసియా కళ క్లాసు. ఆసియావాడు చేసిన పని ఏదీ? పొగిడినన్నాళ్ళూ వాళ్ళ బొమ్మే, ఇప్పుడు చెంపలేసుకునేటప్పుడూ వాళ్ళ బొమ్మేనా?

మన అమరావతి బౌద్ధ స్తూపం శిల్పాలకి దక్కినవి రెండు స్లయిడ్లు. రెండింటి కిందా బ్రిటిష్ మ్యూజియం అని రాసుంది. ఆ రాళ్ళు 1859లో ఓడెక్కి లండన్ ఎందుకు వెళ్ళాయో ఒక్క ముక్క లేదు. (ఇల్లు కట్టుకోడానికి దిబ్బ తవ్వి రాళ్ళు మోసుకుపోయింది ముందు మనవాళ్ళే, ఈస్టిండియా కంపెనీ సర్వేయరు మెకంజీ 1797లో వచ్చేసరికే ఆ పని నడుస్తోంది. ఆ కడుపుమంట ఇంకో పోస్టులో.) చెన్నై మ్యూజియంలో అదే స్తూపం నుంచి వచ్చిన ఫలకం ఉంది, బుద్ధుడి మీదికి ఉసిగొల్పిన నలగిరి అనే ఏనుగు కథది, దాన్ని చూపించొచ్చుగా! ఒకే గుండ్రటి రాయిలో ఒక పక్క ఏనుగు మదమెక్కి మనుషుల్ని తొక్కుతోంది, రెండో పక్క అదే ఏనుగు బుద్ధుడి కాళ్ళ దగ్గర మోకరిల్లింది. మేడ కిటికీల్లోంచి జనం తొంగి చూస్తున్నారు. మధ్యలో గీత లేదు, గడి లేదు, కథ మాత్రం కళ్ళముందు నడిచిపోతుంది. రెండో శతాబ్దం పనండీ అది. దానికి టైం లేదట. వెన్నుపూసలకి ఉంది.

అసలు నిప్పంటుకుంది ఇక్కడ. చోళుల నటరాజు స్లయిడ్ పడగానే ప్రొఫెసర్‌గారు చిరునవ్వుతో నా వైపు తిరిగి, మీ సంప్రదాయంలో దీన్ని చూస్తే ఏమనిపిస్తుందో క్లాసుకి చెప్తావా అన్నారు. సయీద్‌ని గంటసేపు చదివించిన నోటితోనే! జెరోమ్ బొమ్మ ఉన్నంతసేపూ ముందు బెంచీలో ఫ్రెంచబ్బాయి కూర్చునే ఉన్నాడు. బాబూ, మీ సంప్రదాయంలో ఈ పాము ఏమిటి అని వాణ్ణి అడిగారా? వాడు విద్యార్థి. నేను ఎగ్జిబిట్‌ని.

దీనికంటే పాతకాలం తెల్లదొరలే నయం, మొహం మీదే అనేసేవారు. ఇంగ్లీషు ఆర్కిటెక్టు బానిస్టర్ ఫ్లెచర్ తన భవన నిర్మాణ చరిత్ర పుస్తకం 1901 ఎడిషన్లో ఇండియా, చైనా, జపాన్‌లని చరిత్ర లేని శైలుల కింద పడేశాడు. 1910లో బర్డ్‌వుడ్ అనే ఆయన ధ్యాన బుద్ధుణ్ణి ఉడకబెట్టిన కొవ్వు పుడ్డింగుతో పోల్చాడు. దానికి మండిపడే ఆ ఏడు లండన్‌లో భారతీయ కళ తరఫున ఇండియా సొసైటీ పుట్టింది. అలాంటివాడితో కనీసం పోట్లాడొచ్చు. చిరునవ్వుతో ఏం పోట్లాడతాం?

నిజం చెప్పాలంటే నా ఉక్రోషం ఇవాళ్టిది కాదు. పోయిన సెమిస్టరు వేరే క్లాసులో ఆ ఏనుగు ఫలకం మీదే పేపర్ రాశాను. రాత్రుళ్ళు కూర్చుని రాతిలో ఒక్కొక్క బొమ్మా వెతికి పట్టుకుని రాశాను. మార్జిన్లో ఏం రాసిచ్చారో తెలుసా? పరిశీలన బావుందట, సైద్ధాంతిక చట్రం లేదట, సయీద్‌తో సంవాదం చెయ్యాలట. అంటే గుంటూరు రాతి మీద ఏనుగు గురించి మాట్లాడాలంటే నేను ముందు సయీద్ దగ్గర అనుమతి తెచ్చుకోవాలన్నమాట. బి మైనస్. ఆంగ్ర్ మీద రాసినమ్మాయికి ఏ.

వచ్చే వారం జపాను. జపాను చిత్రకారుడు హిరోషిగే వాన బొమ్మని 1887లో వాన్‌గో కాపీ కొట్టాడు కదా, తెర మీద ముందు ఎవరిది పడుతుందో పందెం కాసేవాళ్ళు కామెంట్లలోకి రండి.