.197 కొట్టినోణ్ణి మొదట ఎందుకు దింపారు?

2023 ఆగస్టులో ఒక సాయంత్రం బావా నేనూ ఫిలడెల్ఫియాలో ఫిల్లీస్ మ్యాచ్‌కి వెళ్లాం. బావ ఇండియా నుంచి వచ్చి నెల కూడా కాలేదు, క్రికెట్ అంటే ప్రాణం, బేస్‌బాల్ చూడటం మాత్రం అదే మొదలు. ఫిల్లీస్ మొదటి బ్యాటర్‌గా కైల్ ష్వార్బర్ దిగాడు, పెద్ద స్క్రీన్ మీద ఫోటో పక్కన బ్యాటింగ్ యావరేజ్ పడింది, .200 కూడా లేదు. ఆ నంబర్ అంటే ఏంటో దారిలోనే చెప్పి ఉన్నా కాబట్టి బావ వెంటనే పట్టేశాడు. "ఐదుసార్లకి ఒక్కసారి కూడా సరిగ్గా కొట్టలేనోణ్ణి ఓపెనర్‌గా పంపుతారేంట్రా, టీమ్‌లో ఇంకెవరూ లేరా?" అన్నాడు.

ష్వార్బర్ ఆసారి బ్యాట్ ఒక్కసారే ఊపాడు, అదీ ఫౌల్ పోయింది. మిగతా బంతులన్నీ చూసి వదిలేశాడు, ఒకటి మోకాళ్ల కింద, ఒకటి బాగా బయటికి, ఇంకోటి అంగుళం తేడాలో, నాలుగో బాల్ పడగానే బ్యాట్ పక్కన పడేసి మోచేతి గార్డ్ విప్పుకుంటూ ఫస్ట్ బేస్‌కి వెళ్లిపోయాడు. కొట్టదగ్గ చోటికి బయట పడ్డ బంతిని వదిలేస్తే అది 'బాల్', అలాంటివి నాలుగు పడితే బ్యాటర్ ఊరికే ఫస్ట్ బేస్‌కి వెళ్తాడు, దీన్నే వాక్ అంటారు. కాసేపటికి వెనకొచ్చిన బ్యాటర్ ఫీల్డర్ల మధ్యలోంచి కొడితే ష్వార్బర్ పరిగెత్తుకుంటూ హోమ్‌కి వచ్చేశాడు, ఒక రన్. తర్వాత మళ్లీ బ్యాటింగ్‌కి వచ్చినప్పుడు బావ స్క్రీన్ వైపు చూసి "మరి యావరేజ్ కదల్లేదేంటి?" అన్నాడు. కదలదు బావా, వాక్ అనేది యావరేజ్ లెక్కలోకే రాదు, ఆసారి అతను బ్యాటింగే చెయ్యనట్టు లెక్క.

నాకు బేస్‌బాల్‌లో ఎప్పటికీ మింగుడుపడని విషయం ఇదే. ఒక మనిషి పనిని కొలవడానికి నూట యాభై ఏళ్ల కిందట ఒక కొలబద్ద తయారైంది, అది సగం పనిని చూడదు, చూసిన సగాన్ని కూడా సరిగ్గా తూచదు, అయినా ఇవాళ్టికీ టీవీలో ముందు చూపించేది దాన్నే.

మన క్రికెట్ యావరేజ్‌కీ దీనికీ పేరు ఒక్కటే గానీ పని వేరు. క్రికెట్‌లో ఎన్ని రన్స్ కొట్టాడో ఎన్నిసార్లు ఔటయ్యాడో దాంతో భాగిస్తాం, రన్సూ ఔట్లూ రెండూ అందులోనే ఉంటాయి. బేస్‌బాల్‌లో హిట్ల (అంటే బంతి కొట్టి సేఫ్‌గా బేస్ చేరినవాటి) సంఖ్యని బ్యాటింగ్ ఛాన్సులతో భాగిస్తారు, వాక్స్ తీసేసి. అందులో రన్ అన్న మాటే లేదు. ఈ లెక్కల్ని పాపులర్ చేసిన హెన్రీ చాడ్విక్ 1824లో ఇంగ్లండ్‌లో పుట్టి చిన్నప్పుడే బ్రూక్లిన్ చేరిన మనిషి, ముందు క్రికెట్ రిపోర్టరే. వాక్ వచ్చిందంటే అది పిచ్చర్ (బంతి విసిరేవాడు) చేసిన తప్పు, బ్యాటర్ గొప్పేం లేదు అని ఆయన పట్టుదల. 1887లో ఒక్క సీజన్ మాత్రం వాక్‌ని కూడా హిట్ కింద రాశారు, యావరేజ్‌లు ఆకాశానికి వెళ్లిపోయాయని మరుసటి ఏడాదే తీసేశారు. హిట్ కింద రాయడం తప్పే, ఒప్పుకుంటా, కానీ అసలు ఏమీ కింద రాయకపోవడం అంతకంటే పెద్ద తప్పు కదా.

ఎందుకు తప్పో చెప్తా. మామూలు మ్యాచ్‌లో ఒక టీమ్‌కి ఉండేది 27 ఔట్లు, ఇన్నింగ్స్‌కి మూడు చొప్పున తొమ్మిది ఇన్నింగ్స్. మ్యాచ్‌కి ఇంత టైం అని లేదు, ఓవర్లు లేవు, ఆ 27 అయిపోతే ఆట అయిపోయినట్టే. కాబట్టి బ్యాటర్ మొదటి బాధ్యత ఔట్ కాకుండా ఉండటం. ఔట్ కాకుండా బేస్‌కి ఎంత శాతం చేరాడో చెప్పేది ఆన్-బేస్ పర్సంటేజ్, హిట్టూ వాక్కూ బంతి తగిలి వెళ్లిందీ అన్నీ అందులోకొస్తాయి. బ్రూక్లిన్ డాడ్జర్స్ 1947లోనే అలన్ రాత్ అనే స్టాటిస్టీషియన్‌ని జీతమిచ్చి పెట్టుకున్నారు, ఆ క్లబ్‌ని అప్పట్లో నడిపిన బ్రాంచ్ రికీ 1954లో ఒక మ్యాగజైన్‌లో ఈ ఆన్-బేస్ సంగతే గట్టిగా రాశాడు. అంటే తెలియక కాదు, వినలేదంతే.

వినకపోవడం వల్ల నష్టపోయింది ఆటగాళ్లు. జీన్ టెనాస్ అని ఓక్లండ్ క్యాచర్ (మన కీపర్ లాంటోడు) ఉండేవాడు, 1972 వరల్డ్ సిరీస్‌లో, అంటే ఆ ఏడాది ఫైనల్స్‌లో, నాలుగు హోమ్ రన్స్ కొట్టి ఎంవీపీ (బెస్ట్ ప్లేయర్) అయ్యాడు. కెరీర్ యావరేజ్ .241, చూడగానే మామూలోడు అనిపిస్తుంది. ఆన్-బేస్ మాత్రం .388, పక్కన రెండొందలకి పైగా హోమ్ రన్స్. 1974లో అతని యావరేజ్ .211, అదే ఏడాది 110 వాక్స్‌తో లీగ్‌లో ఫస్ట్. ఆ రోజుల్లో పేపర్ తెరిచి .211 చూసినోడికి ఈ మనిషి టీమ్‌కి ఎంత చేస్తున్నాడో ఎలా తెలుస్తుంది చెప్పండి? తెలీదు, ఆ 110 సార్లు అతను ఓపిక పట్టి నిలబడటం ఆ నంబర్‌లో ఎక్కడా లేదు.

ఇప్పుడు ష్వార్బర్ దగ్గరికొద్దాం. 2023 సీజన్ మొత్తానికి అతని యావరేజ్ .197, 585 ఛాన్సుల్లో 115 హిట్లు. 2024లో సీజన్ మయామీలో మొదలుపెట్టి శాన్ డియేగోకి మారిన లూయిస్ అరాయెజ్ మొత్తం సరిగ్గా 200 హిట్లు కొట్టి .314తో నేషనల్ లీగ్ బ్యాటింగ్ టైటిల్ (అందరికంటే ఎక్కువ యావరేజ్‌కి వచ్చేది) గెలిచాడు, అది మూడు టీమ్‌లతో వరసగా మూడో టైటిల్. సీజన్లు వేరే గానీ పక్కపక్కన పెట్టి చూడండి. ష్వార్బర్‌కి 126 వాక్స్, అరాయెజ్‌కి 24. ఆన్-బేస్‌కి వచ్చేసరికి అరాయెజ్ .346, ష్వార్బర్ .343. ఒకరేమో లీగ్‌కే టాప్ బ్యాటర్, ఇంకొకరేమో .200 కూడా దాటనోడు, ఔట్ కాకుండా ఉండటంలో ఇద్దరూ దాదాపు సమానం!

ఆన్-బేస్ కూడా కథ మొత్తం చెప్పదు. దానికి ఒక బేస్ తెచ్చే సింగిలూ, నాలుగు బేస్‌లూ తిరిగొచ్చే హోమ్ రనూ ఒకటే. అరాయెజ్ 200 హిట్లలో 161 సింగిల్స్, హోమ్ రన్స్ నాలుగు. ష్వార్బర్ 115లో 47 హోమ్ రన్స్. ఒక్కో ఛాన్సుకి సగటున హిట్లతో ఎన్ని బేస్‌లు వచ్చాయో లెక్కేసే స్లగ్గింగ్ చూస్తే అరాయెజ్‌ది .392, ష్వార్బర్‌ది .474. అరాయెజ్‌ది ఆ ఏడాది మేజర్ లీగ్ మొత్తం సగటు స్లగ్గింగ్ .399 కంటే కూడా కాస్త తక్కువే. ఆన్-బేస్, స్లగ్గింగ్ రెండూ కూడితే వచ్చేదాన్ని ఓపీఎస్ అంటారు, తొందరగా చూసుకోడానికి బాగానే ఉంటుంది గానీ అందులోని స్లగ్గింగ్ హోమ్ రన్ విలువ సింగిల్‌కి నాలుగు రెట్లు అని ఊహిస్తుంది, నిజంగా అంత ఉండదు.

నిజంగా ఎంత అన్నది పీట్ పామర్ లాంటి స్టాటిస్టీషియన్లు లెక్కేసి తేల్చారు. సగటున ఒక సింగిల్ దాదాపు 0.46 రన్, డబుల్ 0.80, ట్రిపుల్ 1.02, హోమ్ రన్ 1.40, వాక్ 0.33, ఔటైతే పావు రన్ పోతుంది. హోమ్ రన్ సింగిల్‌కి మూడు రెట్లన్నమాట, వాక్ సింగిల్‌లో ముప్పావుకి కాస్త తక్కువ. నేను ఒక రాత్రి కూర్చుని ఈ ఇద్దరి లెక్కా కాగితం మీద వేశా, బంతి తగిలి వెళ్లినవి వదిలేసి. సగటు బ్యాటర్‌తో పోలిస్తే అరాయెజ్‌కి ప్లస్ 7 రన్స్ దాకా వచ్చింది, ష్వార్బర్‌కి ప్లస్ 28. ఇరవై రన్స్ తేడా. బేస్‌బాల్‌లో సుమారు పది రన్స్ ఒక గెలుపుతో సమానం అంటారు, అంటే బ్యాట్ వరకు చూస్తే .197 కొట్టినోడు .314 కొట్టినోడి కంటే టీమ్‌కి రెండు మ్యాచ్‌లు ఎక్కువ గెలిపించే మనిషి. ఫీల్డింగ్ వేరే సంగతి, అందులో ష్వార్బర్ బాగా వీక్, అది ఈ లెక్కలో లేదు. అలాగని అరాయెజ్‌ని తక్కువ చెయ్యట్లేదు, ఆ సీజన్ మొత్తంలో 29 సార్లే స్ట్రైకౌట్ (బంతి సరిగ్గా తగలకుండానే మూడు స్ట్రైకులకి ఔట్) అవ్వడం అంటే ఈ కాలంలో మాటలు కాదు, అతను బ్యాటింగ్ చేస్తుంటే నేను ఫోన్ కూడా చూడను.

ఆర్‌బీఐ గురించి కూడా ఒక మాట, ఎందుకంటే జీతాలూ అవార్డులూ చాలా ఏళ్లు దాని మీదే నడిచాయి. నువ్వు కొడితే ఎంతమంది హోమ్‌కి వచ్చారు అన్నది ఆర్‌బీఐ. 1990లో శాన్ డియేగోలో జో కార్టర్‌కి 115 ఆర్‌బీఐలు, భలే సీజన్ అనుకుంటాం. అదే ఏడాది అతని యావరేజ్ .232, ఆన్-బేస్ .290. మరి 115 ఎలా వచ్చాయంటే అతని ముందు బ్యాటింగ్‌కొచ్చేది బిప్ రాబర్ట్స్, రొబెర్టో అలోమార్, టోనీ గ్విన్, బేస్‌ల మీద ఎప్పుడూ ఎవరో ఒకరు ఉండేవాళ్లు. వాళ్లు చేసిన పని కార్టర్ పద్దులో పడింది. 1993లో వరల్డ్ సిరీస్ గెలిపించిన హోమ్ రన్ కొట్టింది ఈ కార్టరే, ఆ గొప్పతనం ఎవరూ తీసెయ్యలేరు, నా కోపం అతని మీద కాదు, ఆ కాలమ్ మీద.

లెక్కలు వచ్చాక ఆట చచ్చిపోయిందని, అందరూ గాల్లోకి లేపడానికే ఊపుతున్నారని, స్ట్రైకౌట్లు పెరిగాయని అంటారు. పెరిగిన మాట నిజం. 2015 నుంచి స్టాట్‌కాస్ట్ అనే సిస్టమ్ ప్రతి బంతి బ్యాట్ నుంచి ఎంత వేగంతో ఏ కోణంలో వెళ్లిందో కొలుస్తోంది, గట్టిగా పైకి కొడితే లాభం అని తెలిశాక ఎవరు ఆగుతారు? నాక్కూడా వరస స్ట్రైకౌట్లు చూస్తే విసుగే. కానీ ఆ కొలతలే, ఒకడు రెండు వారాలు గట్టిగా కొట్టినా బంతులన్నీ ఫీల్డర్ చేతుల్లోకే పోతుంటే, వీడు బానే ఆడుతున్నాడు టైం బాలేదంతే అని కోచ్‌కి చెప్తాయి. గాల్లోకి లేచి పడే చోట పడని బంతికి ఒక కుర్రాణ్ణి మైనర్ లీగ్‌కి పంపెయ్యడం ఎంత ఘోరమో ఆలోచించండి.

గ్రౌండ్ సంగతీ అంతే. డెన్వర్‌లో కూర్స్ ఫీల్డ్ సముద్రమట్టానికి దాదాపు 5,200 అడుగుల ఎత్తులో ఉంది, పై అంతస్తులో ఒక వరస కుర్చీలకి ఊదారంగు వేశారు, సరిగ్గా మైలు ఎత్తు అక్కడ అని గుర్తు. గాలి పల్చన, బంతి ఇంకా దూరం పోతుంది, 2002 నుంచి బంతుల్ని తేమ గదిలో పెట్టి వాడుతున్నా ఇప్పటికీ బ్యాటర్ల స్వర్గమే అది. లారీ వాకర్ తన మంచి ఏళ్లు చాలావరకు అక్కడ ఆడాడు, యావరేజ్ .313, 383 హోమ్ రన్స్, అయినా హాల్ ఆఫ్ ఫేమ్ ఓట్లేసేవాళ్లు "అదంతా కొండ మీద గాలి మహిమ" అని పక్కన పెట్టారు. 2014లో అతనికి పడింది 10.2 శాతం ఓట్లు, కావాల్సింది 75. గ్రౌండ్ లాభాన్ని తీసేసి లెక్కేసే ఓపీఎస్ ప్లస్ అని ఒకటుంది, 100 అంటే లీగ్ యావరేజ్, అందులో వాకర్‌ది 141. గాలి మహిమంతా తీసేశాక మిగిలిన నంబర్ అది. ఆ లెక్క ఓటర్లలో మెల్లమెల్లగా ఎక్కిందనే నా నమ్మకం. 2020లో, పదో ఏడు, చివరి ఛాన్స్, 76.6 శాతంతో లోపలికెళ్లాడు.

ఆ కథ బావకి చెప్తే కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "మరి ఆ మొదటి తొమ్మిదేళ్లు?" అన్నాడు.